వేరుకు మిగిల్చిన నాచు

భవానీపురం,
ఆదివారం మధ్యాహ్నం

నాన్నకూ అమ్మకూ దండాలు.

నేను బాగున్నాను. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. మీరంతా ఎలా ఉన్నారు? నాయనమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మన లంకలో వంగతోట కాపుకొచ్చిందా?

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ నాన్న ఫోను స్పీకర్లో పెడతాడు, చేలో ఉన్నవాళ్ళంతా వింటారు. అందుకే రాస్తున్నాను. చెల్లీ లావణ్యా, నువ్వు చదివి వినిపించేటప్పుడు ఏ ముక్కా దాటెయ్యకు. నేను తప్పు చేసిన చోట కూడా ఆగకుండా చదువు.

ఇక్కడ ఎండ మన దగ్గర కంటే ఎక్కువ. కృష్ణ పక్కనే ఉన్నా డాబాల వేడికి ఏటిగాలి తెలియదు. హాస్టల్లో సాంబారు నీళ్ళలా ఉంటుంది, అయినా కడుపునిండా తింటున్నాను. అమ్మ బెంగపెట్టుకోవద్దు. సాయంత్రాలు మాత్రం కాస్త కష్టం. గదిలో మిగతా ఇద్దరూ ఫోన్లలో మాట్లాడుకుంటుంటే నేను మెట్ల మీద కూర్చుంటాను. అలవాటవుతుందిలే.

నేను పనిచేసే జరీనా మేడమ్ గారిది ఇనుప సామాన్ల వ్యాపారం చేసే కుటుంబం. వాళ్ళ డాబా మీద ఆకుపచ్చ వలకింద ఆర్కిడ్ మొక్కలు పెంచి అమ్ముతారు. అవి కొండల్లో రాళ్ళను పట్టుకుని బతికే రకం. నాన్నా, మొదటిరోజు నేను నమ్మలేకపోయాను. ఒక్క కుండీలో కూడా మట్టి లేదు. గాజులా కనిపించే ప్లాస్టిక్ డబ్బా, దాన్నిండా కాల్చిన మట్టి గోళీలు, అడుగున రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు. నీళ్ళు అంతకు మించకుండా పక్కన రెండు రంధ్రాలు. గోళీలే తడిని పైకి పీల్చుకుంటాయి, సందుల్లోంచి మొక్క వేళ్ళకు గాలి తగులుతుంది. డిగ్రీలో దీని గురించి చదివాను. చదవడం వేరు, ఆ డబ్బాలో చెయ్యి పెట్టి మట్టికోసం వెతకడం వేరు.

నెల కిందట కొండల మీది నర్సరీ నుంచి నలభై మొక్కలు వచ్చాయి. వాటి వేళ్ళ చుట్టూ ఎండునాచు చుట్టి ఉంది. మేడమ్ గుంటూరులో పెళ్ళికి వెళ్తూ వాటిని గోళీల్లోకి మార్చే పని నాకు అప్పగించారు. వేళ్ళకు నాచు ఒక్క పోగు కూడా మిగలకూడదని, కుళాయి కింద పెట్టి కడిగెయ్యాలని రెండుసార్లు చెప్పారు.

కడగడం మొదలుపెట్టాను. నాచు పోతుంటే తెల్లటి వేళ్ళు బయటపడి వణికినట్టు అనిపించింది. నా చెయ్యి ఆగిపోయింది. వంగనారు తీసేటప్పుడు వేరుకు పట్టిన మట్టి రాలితే నాన్న ఎంత కేకలేస్తాడు! పాత మట్టి కాస్త ఉంటే మొక్క బెదరదని చిన్నప్పటినుంచీ విన్నాను. అందుకని ప్రతి మొక్కకూ నడిమధ్యన గుప్పెడు నాచు ఉంచేశాను. పైన గోళీలు కప్పాను, కనిపించలేదు. మంచిపని చేశాననుకున్నాను.

మూడు వారాలకు ఆకులు వాలాయి. మేడమ్ ఒక డబ్బా ఒంపితే మురుగుకాలవ వాసన. మొక్క పట్టుకుంటే వేళ్ళు నల్లగా, తడిసిన దారాల్లా చేతిలోకి ఊడొచ్చాయి. మేడమ్ అక్కడికక్కడే నర్సరీ ఆయనకు ఫోన్ చేసి కుళ్ళిన మొక్కలు పంపారని, ఇక మీ దగ్గర కొననని గట్టిగా మాట్లాడారు. "నా దగ్గరనుంచి బయలుదేరేటప్పుడు బాగానే ఉన్నాయమ్మా" అని ఆయన బతిమాలడం నాకూ వినిపించింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెబితే ఉద్యోగం పోతుంది. మన ఇంట్లో మొదటి ఉద్యోగం. నావల్ల ఇంకొకరు తిట్లు తింటుంటే మాట్లాడకుండా నిలబడగలనని ఆరోజే తెలిసింది నాన్నా. మొక్కలు చచ్చినదానికంటే దానికే ఎక్కువ దిమ్మతిరిగింది.

మర్నాడు పొద్దున డాబా ఎక్కగానే చెప్పేశాను.

"మేడమ్, ఆయన తప్పు లేదండి. నాచు నేనే ఉంచాను."

"మర్చిపోయావా?"

"లేదండి. తెలిసే ఉంచాను. మా నాన్న నారు అలాగే తీస్తాడండి."

ఆవిడ బోర్లించిన బకెట్ మీద కూర్చున్నారు.

"చదువుకున్నదానివి కదమ్మా," అన్నారు. ఇంకా నాలుగు తిట్టినా అంత తగిలేది కాదు. "మీ నాన్న నారు మళ్ళీ మట్టిలోకే పోతుంది. ఇక్కడ నాచు ఎప్పుడూ నీళ్ళు పీలుస్తూనే ఉంటుంది. గాలాడక కుళ్ళి, వేరుని కూడా కుళ్ళబెడుతుంది. ఒక్కమాట నన్ను అడిగి ఉండొచ్చుగా."

ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ తీసి, నల్లవేళ్ళు కత్తిరించి కడిగాం. ఇరవైమూడు పారేశాం. మిగిలినవాటిలో ఎన్ని నిలుస్తాయో తెలియదు. పని సగంలో ఉండగా ఆవిడ ఫోను తీశారు. నర్సరీ ఆయనకే. ఇక నా పేరు చెబుతారని కత్తెర కింద పెట్టేశాను.

"తప్పు మా చేతిలోనే జరిగిందండీ," అన్నారు. "మీ మొక్కలు మంచివే. నిన్న తొందరపడి నోరు జారాను, మనసులో పెట్టుకోకండి."

నా పేరు చెప్పలేదు. ఫోను పెట్టేశాక నావైపు చూసి, "అలా చూస్తావేం, కుళాయి తిప్పు," అన్నారు. కుళాయి తిప్పాను. ఉద్యోగం ఉంది నాన్నా.

నీ మాట వల్ల నేను చెడ్డానని మాత్రం అనుకోవద్దు. వంగనారు నువ్వు ఎప్పటిలాగే మట్టితోనే తియ్యి, ఒక్క రేణువు రాలినా కేకలెయ్యి. ఇక్కడ మాత్రం నేను కడిగేస్తాను. కడిగేముందు అడుగుతాను.

అమ్మా, ఎవరైనా ఇటు వస్తే కాస్త చింతకాయ పచ్చడి పంపించు. లావణ్య బడి మానకూడదు. నాయనమ్మ కాళ్ళకు మొక్కానని చెప్పండి. మీ చల్లని చూపు నామీద ఉండాలని కోరుకుంటూ,

మీ కూతురు
శిరీష