ఇరవై ఆరో చుట్టు

పోర్ట్ బ్లెయిర్,
14 జూన్ 1966

బావకు గవరమ్మ నమస్కారాలు.

ఇక్కడ అత్త, మామయ్య, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. మనసు మాత్రం బాగా లేదు, ఆ సంగతి కింద రాస్తాను. విశాఖపట్నంలో మీరూ, మీ చిన్నాన్నగారి ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం మొన్నటి ఓడలో వచ్చింది. అడిగినవాటికి ముందు జవాబులు. మామయ్య దగ్గు తగ్గింది. వానలు పట్టుకున్నాయి. వంటింటి రేకు కారుతుంటే కింద గిన్నె పెట్టాం. కటక్‌లో మీరు దేశం మొత్తం మీద మూడోవారుగా వచ్చినప్పటి పేపరు బొమ్మ గోడ మీద తడిసిపోతుందని అత్త తీసి దాచింది. సామాను సర్దుకున్నావా, వచ్చే ఓడకు వస్తున్నావా అని అడిగారు. సర్దుకోలేదు. రాను.

ముప్పై రెండు నిమిషాల్లో ముగించవలసిన పదివేల మీటర్లకు ముప్పై మూడు నిమిషాల అయిదు సెకన్లు పట్టిందనీ, ఇక మీ కాళ్లు అయిపోయాయనీ, జులై ఒకటో తారీఖున పోర్టులో కలాసీగా చేరి ముళ్లబూట్లు ఎవరికైనా ఇచ్చేస్తాననీ రాశారు. అక్కడిదాకా ఏడుస్తూ చదివాను. దాని కింద, “ఆ రోజు బాగా పరిగెత్తానన్నావు. ఆడదానివి, పరుగు సంగతి నీకేం తెలుసు” అని రాశారు. అక్కడ ఏడుపు ఆగిపోయింది.

నాకేం తెలుసో చెబుతాను. మే నెలలో ఇక్కడి మైదానంలో ఎంపిక కమిటీవాళ్లు మీ చేత పరిగెత్తించింది ఇరవై ఐదు చుట్లు కాదు. ఇరవై ఆరు.

మళ్లీ చదవండి. కాళ్లు అయిపోయాయంటున్న మనిషి బురదలో ఒక చుట్టు ఊరికే ఎక్కువ పరిగెత్తాడు.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే దక్షిణామూర్తి మాస్టారింటికి వెళ్లాను. బడిలో మీకు పరుగు నేర్పిన ఆయన ఎదుట నేనెప్పుడూ తలెత్తి మాట్లాడలేదని మీకు తెలుసు. మీ ప్రతి పోటీలోనూ ఏ చుట్టుకు ఎన్ని సెకన్లు పట్టిందో ఆయన చిన్న పుస్తకంలో వరసగా రాసుకుంటారు కదా, అది చూపించమన్నాను. గుమ్మంలోనే నిలబడి వరసలు లెక్కపెట్టాను. ఇరవై ఆరు ఉన్నాయి. పదకొండో వరస మీద అడ్డంగా గీత కొట్టి ఉంది.

“ఇదెందుకు కొట్టేశారు మాస్టారూ?”

“జోరువానమ్మా అప్పుడు. ఒకే చుట్టు రెండుసార్లు రాసేశాననుకున్నాను. కమిటీవాళ్లు పాతిక అన్నాక నాదే తప్పయి ఉంటుందనిపించింది.”

“రెండుసార్లు రాస్తే రెండుచోట్లా ఒకే అంకె ఉండాలి కదండీ. దీని పైన ఉన్నదీ, కింద ఉన్నదీ వేరే అంకెలు కదా?”

ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. అలాగే అరుగు మీద కూర్చుండిపోయారు. వాన పెద్దదయినప్పుడు లెక్కల బల్లను షెడ్డు కిందకి మోసుకుపోయారు, గుర్తుందా? ఆ హడావిడిలోనే మీరు ముందునుంచి పోయారు. చుట్ల అంకెల పలక తిప్పేవాడు పలక వదిలేసి బల్ల కోడు పట్టుకున్నాడు, ఆ చుట్టు వాళ్ల లెక్కలోకి ఎక్కలేదు. మాస్టారు మొదటి ఇరవై ఐదు వరసలు కూడితే ముప్పై ఒక్క నిమిషాల యాభై రెండు సెకన్లు వచ్చింది.

నాకు ఆ కమిటీ మీద కోపం. పదేళ్లుగా మీ కాళ్లను చూస్తూ కూడా కాగితాన్నే నమ్మిన మాస్టారి మీద కోపం. మీ మీద ఇంకా ఎక్కువ కోపం. వాళ్లు చెప్పగానే తల వంచుకుని ఓడ ఎక్కేశారు. ఎందుకిలా అయిందని ఒక్కరినైనా అడిగారా?

ఇప్పుడు మీకొక అనుమానం రావాలి. ఇంట్లో కూర్చునే ఆడదానికి మాస్టారి పుస్తకం చూడాలని ఎందుకు తోచింది? రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. ఆ రోజు మైదానంలోనే నాకు తెలుసు.

ఇరవై ఐదు చుట్లని మీరు చెప్పారని ఇంటి దగ్గరే ఇరవై ఐదు వేరుశెనగ గింజలు లెక్కపెట్టి కొంగున ముడివేసుకున్నాను. మీకు చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక గింజ నోట్లో వేసుకున్నాను. ఇరవై నాలుగోది అయ్యాక ఆఖరి చుట్టు గంట కొట్టాలి. కొట్టలేదు. ఇరవై ఐదోది కూడా తినేశాను. కొంగు ఖాళీ. అప్పుడు కొట్టారు.

“అత్తా, చుట్లు అయిపోయాయి. ఇంకా పరిగెత్తిస్తున్నారు” అన్నాను.

“నీకేటి తెలుసే? అంత పెద్ద ఆపీసర్లకి లెక్క రాదేటి? చుప్! పక్కన మీ మావ ఉన్నాడు, ఇంటాడు.”

లేచి మీ పేరు పెట్టి ఒక్క కేక వేస్తే బల్ల దగ్గరివాళ్లయినా తిరిగి చూసేవాళ్లు. పెళ్లయి రెండేళ్లయినా మీ పేరు నా నోట రాలేదు. రేషను కొట్టులో అడిగినా నా బదులు అత్తే చెబుతుంది. అంతమంది మగవాళ్ల ముందు ఎలా అరవడమని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత మీరు కంచె పట్టుకుని వాంతి చేసుకుంటూ, “ఎలా పరిగెత్తాను?” అని అడిగారు. “బాగా” అన్నాను. తినేసిన గింజలు చూపించి ఎవరిని నమ్మిస్తానని అయిదు వారాలు నోరు మూసుకున్నాను. నన్ను ఎంత తిట్టినా పడతాను. కాని ముందు మిగతాది చదవండి.

నిన్న మాస్టారితో డెలానీపూర్‌లో కమిటీ గదికి వెళ్లాను. గుమాస్తా కాగితాల్లోంచి తలెత్తలేదు.

“పతి కా నామ్ బోలో, దీదీ.”

మాస్టారు మీ పేరు చెప్పబోయారు. నేనే ముందు చెప్పాను.

“మైలపల్లి యర్రయ్య.”

“క్యా? జోర్ సే.”

“యర్రయ్య! మైలపల్లి యర్రయ్య! పదివేల మీటర్లు!”

వరండాలో టీ తాగుతున్నవాళ్లందరూ తిరిగి చూశారు. చెవులు వేడెక్కిపోయాయి, అయినా తల దించలేదు. కాగితం పైకి వెళ్లిపోయింది, అబ్ కుఛ్ నహీ హోగా, ఇక ఏమీ కాదు అన్నాడతను. “మీ బల్ల తడిస్తే షెడ్డులో పెట్టుకున్నారు. మా ఆయన్ని వానలో వదిలేశారే!” అని తెలుగులోనే అరిచాను. అతనికి ఎంత అర్థమైందో గాని కలం కింద పెట్టాడు. దానివల్ల ఒరిగిందేమీ లేదు.

మాస్టారు మాత్రం మద్రాసులో తనకు తెలిసిన కోచ్‌కి తంతి ఇచ్చారు. జులై మూడున అక్కడ ఆఖరి ఎంపిక ఉంది, పంపించండని ఇవాళ పొద్దున జవాబు వచ్చింది. మీకూ తంతి ఇస్తానన్నారు. తంతిలో ఇంత కోపం పట్టదని నేనే ఉత్తరం రాస్తానన్నాను. పుస్తకంలోని ఆ కాగితం చించి ఇందులో పెట్టాను. మీరే లెక్కపెట్టుకోండి.

ఒకటిన పోర్టులో చేరితే మూడున మద్రాసులో ఉండలేరు. చేతికొచ్చిన ఉద్యోగం వదులుకుంటావా అని మీ చిన్నాన్నగారు అంటారు. నా పేరు చెప్పండి, తిట్లు నాకే రానీయండి. మద్రాసులో ఇరవై ఐదు చుట్లు పరిగెత్తి ఓడిపోతే, మీ కాళ్లు అయిపోయాయంటే నమ్ముతాను. ఆ వెంటనే ఓడ ఎక్కి వచ్చి, కలాసీ పెళ్లాన్నని గర్వంగానే చెప్పుకుంటాను. నెగ్గిన పరుగుని ఓటమనుకుని ఇంట్లో కూర్చునే మనిషి దగ్గరికి మాత్రం రాను.

ఇట్లు,
కోపం తగ్గని మీ ఇల్లాలు,
గవరమ్మ