తేనెపిట్ట వెనక ట్రక్కు

మంగళవారం

వార్తలు రాయడం మానేశాక పిట్టల ఫొటోలే నా పని. ఉదయం బోటాటౌంగ్‌ పేటలో మందారం మీద వాలిన తేనెపిట్టను తీస్తుంటే వెనక ఖైదీల ట్రక్కు వెళ్లింది.

సాయంత్రం పక్కింటి పార్వతికి ఆ ఫొటో చూపించాను. వారం కిందట సైనికులు పట్టుకెళ్లిన కొడుకు ఎక్కడున్నాడో ఆమెకింకా తెలియదు.

"ఈ నీలం సొక్కా మావోడిదే కదేటి, అన్నయ్యా?"

చెప్పలేనన్నాను. పిట్ట ఒక్కటే స్పష్టంగా రావాలని లెన్సు పూర్తిగా తెరిచాను. వెనకున్నదంతా మసక.

"పిట్టకి ఈకలు కూడా అవుపిస్తన్నాయి. మనిసికి మొకం లేదేటి?"

కెమెరాలో సమయం ఉంది: ఏడూ పన్నెండు. ట్రక్కు ఉత్తరానికి వెళ్లింది. నాకు తెలిసిన ఆ రెండూ చీటీ మీద రాసిచ్చాను. మడిచి జాకెట్లో పెట్టుకుంది.

నాకేమీ అనిపించలేదు. ఫొటో మాత్రం చెరపలేదు.