రాగికి పెరుగన్నం

12 మే 2024

మూడు రోజులుగా ఫోన్‌లో పిల్లులు తప్ప ఇంకేమీ చూడటం లేదు. ఇంట్లో ఒక ప్రాణి తిరుగుతుంటే మహితకు మంచిదని స్పీచ్ థెరపిస్ట్ చెప్పింది. బంగారుపాళ్యం దగ్గర యాక్సిడెంట్‌లో మా ఆయన ధర్మేంద్ర పోయి పదకొండు నెలలు. ఆ రోజు నుంచి నా కూతురు ఒక్క మాట మాట్లాడలేదు. తొమ్మిదేళ్ల పిల్ల. గొంతులో లోపమేమీ లేదంటారు అందరూ.

పర్షియన్ వద్దు. ఆ బొచ్చు అత్తమ్మ ఆయాసానికి పడదు. పైగా అది సోఫాలో దిండులా పడి ఉంటుందట. అలా పడి ఉండేవాళ్లం ఈ ఇంట్లో ఇప్పటికే ముగ్గురం ఉన్నాం. పొట్టి బొచ్చుది కావాలి. ఇల్లంతా పీకి పందిరేసేది కావాలి.

13 మే

అబిసీనియన్. ఫైనల్.

2 జూన్

ఢిల్లీబాబు అనే బ్రీడర్ చెన్నై నుంచి తడ దాకా తెచ్చి ఇచ్చాడు. మూడు నెలల పిల్ల. ఇది సుమ్మా ఊరికే ఉండదమ్మా, పైకి పైకి ఎక్కతా ఉంటాది, ఒంటిగా ఇడిసిపెట్టొద్దు అన్నాడు. చికెనో చేపో, లేకుంటే దాని ప్యాకెట్ ఫుడ్డో తప్పకుండా పెట్టాలని రెండుసార్లు చెప్పాడు. నేను తల ఊపాను. మా మొక్కు సంగతి చెప్పలేదు.

మేమేమీ నీచు ముట్టని వాళ్లం కాదు. ధర్మేంద్ర ఉన్నప్పుడు ఆదివారం కోడికూర లేకుండా గడిచేది కాదు. మహిత నోట మాట వచ్చేదాకా నీచు మా గడప దాటనివ్వనని అత్తమ్మ కొండకేసి తిరిగి మొక్కుకుంది.

3 జూన్

ప్యాకెట్ మీద కోడి బొమ్మ చూసి అత్తమ్మ దాన్ని తలుపు బయట పెట్టేసింది. పిల్లి తిన్నా మనం తిన్నా గడప ఒకటే గదమ్మా అంది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. నేను ఎదురు చెప్పలేదు. అత్తమ్మ మీద నెట్టేయడం సులువే కానీ, భయపడింది నేను కూడా. మొక్కు చెడితే పిల్ల ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనని.

పెరుగన్నం పెట్టాం. గిన్నె నాకేసింది.

21 జూన్

ఫ్రిజ్ మీద. కర్టెన్ రాడ్ మీద. ధర్మేంద్ర ఫోటో ఫ్రేమ్ మీద కూడా, దండతో సహా కింద పడేసింది. నేను తిట్టబోయి మహితను చూశాను. నవ్వుతోంది. శబ్దం లేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. నోట్‌బుక్‌లో పిల్లి పేరు రాసి చూపించింది: రాగి. రంగు అలాగే ఉందట.

పిల్లలిద్దరూ మూడు గదుల్లో ఒకటే పరుగులు. కింద ఫ్లాట్ వాళ్లు వచ్చి అడిగారు, మీ ఇంట్లో ఏం జరగతా ఉండాదని. ఎంత బాగుందో ఆ మాట.

5 అక్టోబర్

పెరటాసి నెల మూడో శనివారం. పొద్దున్నే రాగికి టీకా వేయించాను. బరువు తక్కువగా ఉండాదే, ఏం పెడతా ఉండారు అని డాక్టర్ రెబెకా అడిగింది. ప్యాకెట్ ఫుడ్ అని చెప్పాను. ఇంటికొచ్చి స్వామికి పెట్టే తలిగకు పిండి కలిపాను.

18 జనవరి 2025

రాగి ఇప్పుడు కర్టెన్లు ఎక్కడం లేదు. మన ఇంటి పద్ధతి నేర్చుకునేసిండాదని అత్తమ్మ అందరికీ చెబుతోంది. నేనూ దాన్ని ఒళ్లో పెట్టుకుని గుడ్ గర్ల్ అన్నాను.

9 మార్చి

మంచం మీద నుంచి కిటికీకి దూకబోయి గోడకు కొట్టుకుంది. మహిత నా వైపు చూసింది. ఏం కాదులే అన్నాను.

27 ఏప్రిల్

మహిత నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. రాగి కళ్ల ముందు తన అరచెయ్యి ఆడించి చూపించింది. రెప్ప పడలేదు. నేను టార్చ్ వేశాను. కళ్ల నిండా నలుపే. ఆ నలుపు చిన్నది కాలేదు.

28 ఏప్రిల్

మాంసం లేకుండా పిల్లి బతకలేదట. ముందు కళ్లు పోయాయి, గుండె కూడా బలహీనపడింది. ఏం పెట్టారని డాక్టర్ రెబెకా మళ్లీ అడిగింది. ఈసారి నిజం చెప్పాను. తిట్టలేదు. ఈది పిల్లి అయితే ఎలకనో తొండనో పట్టుకోని బతికుండేదమ్మా, మీరు తలుపులేసి పెట్టినారు అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం 6

అత్తమ్మకు విషయం చెప్పాను. చెప్పులేసుకుని వెళ్లి ఉడికించిన కోడిగుడ్లు, కొంచెం చికెన్ తెచ్చింది. గడప బయట, మెట్ల మీద పళ్లెంలో పెట్టింది. ఆ మెట్లు నిరుడు కూడా అక్కడే ఉన్నాయి. ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

రాగి హాల్లో వాసన పట్టి తిరుగుతోంది. దారి తెలియడం లేదు. ఎత్తుకోబోతే బెదిరి నా చెయ్యి గీరింది. కుర్చీకి తగిలింది. గోడకు తగిలింది. అప్పుడు నా వెనక నుంచి బొంగురుగా, ముసలిదాని గొంతులా ఒక గొంతు. ఆడ గోడ ఉండాదే, ఇట్ల రా, ఇట్ల, గడప ఉండాది, కాలెత్తు అని.

మహిత. నేల మీద వెనక్కి వెనక్కి జరుగుతూ, పిల్లిని పిలుచుకుంటూ మెట్ల దాకా వెళ్లింది.

అత్తమ్మ గోడకు జారగిలబడి సామీ సామీ అని ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆ గొంతు వింటూ నిలబడ్డాను.

3 మే

అత్తమ్మ అలిపిరి మెట్లెక్కి వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చింది. రాగి గుండుని వాసన చూసి వెనక్కి తగ్గింది.

11 మే

మందులతో గుండె కోలుకుంటుందట. చూపు మాత్రం ఇక రాదట. డాక్టర్ ఫోన్‌లో చెబుతుంటే హాల్లో మహిత దానికి దారి చెబుతూనే ఉంది.

రాదన్న మాటకు నాకు ముందు ఊరట కలిగింది.