నలుగురికి సరిపడు కొలతలు

సిరిసిల్ల,
14 సెప్టెంబర్ 2011

కోరుట్ల అత్తమ్మకు,

నీ మేనకోడలు స్వర్ణలత దండం పెట్టి, జర కోపంతోని రాస్తున్నది. కోపం నీ మీద కాదు. ఈ ఇంట్ల నేనొకటి చేస్తె వీళ్ళకు ఇంకొకటి కనవడుతది, దాని మీద. ఫోన్ల చెప్పుదామంటే ఇంట్ల ఉన్న ఒక్క ఫోను బాపు అంగీ జేబుల ఉంటది.

సంగతి ఏందంటే, తెలంగాణ కోసం మా కాలేజీ పోరగాండ్లు చౌరస్త కాడ టెంటు ఏసి దీక్షల కూసుంటున్నరు. రోజుకు కొందరు మైకుల మాట్లాడుతరు. నేనూ మాట్లాడుత అన్న. బాపు ఏమన్నడు? "ఆడిపిల్లకు మైకెందుకు? కేసులైతె కోర్టుల చుట్టు ఎవడు తిరుగుతడు?" అన్నడు. నేను ఊకుంటనా? చప్పుడు చెయ్యకుంట నెట్ సెంటర్‌ల కూసొని, మన కొలువులు మనకే అనే 610 జీవో గురించి చదువుతున్న. ఎనుకకెళ్ళి బాపు వచ్చిండు. చేతికి ఏది అందితే అది నొక్కిన. తెర మీద కేకు బొమ్మ వచ్చింది. "ఓవెన్ లేకుండా కుక్కర్‌లో కేకు. నలుగురికి సరిపడు కొలతలు."

బాపు మొఖం చూడాల్సి ఉండె. సాంచ మగ్గం మీద కొత్త బట్ట దిగినట్టు మెరిసింది. ఇంటికచ్చి అవ్వతోని "పిల్లకు సంసారం మీద మనసు వడ్డది" అని చెప్పిండు. గప్పటి సంది నెట్ సెంటర్‌కు నన్ను ఆయననే తోలుతున్నడు. రాంగనే "ఇయ్యాల ఏం వంట దించుకున్నవు బిడ్డా?" అంటడు. ఏదో ఒకటి చూపియ్యాలె గదా! పెన్‌డ్రైవ్ నిండ పనీర్లు, పాస్తాలు. నా ఉపన్యాసం ఓ మూలకు ఇంత ఉన్నది.

నువ్వు ఆయనకు అక్కవు. నీ మాట ఇంటడు. వంట మీద గాని, పెండ్లి మీద గాని నాకు మనసు లేదని నువ్వన్న చెప్పు.

ఇట్లు,
ఎవలకు అర్థం గాని
స్వర్ణలత

తా.క.: బాపు నిన్న మైదపిండి తెచ్చిండు. "దించుకున్నది దించుకున్నట్టే ఉంటె ఏం లాభం? పొయ్యి ఎక్కియ్యి" అన్నడు.

కోరుట్ల,
19 సెప్టెంబర్

చిరంజీవి స్వర్ణలతకు అత్తమ్మ రాజమణి దీవెనలు. ఈడ మీ మామ, నేను మంచిగున్నం. సమ్మెకు బడులు బందై పోరగాండ్లు దినమంత ఇంట్లనే ఉంటున్నరు, గదొక్కటే మంచిగలేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మనసు లేదని రాసినవు. నా పెండ్లప్పుడు నేను గూడ గిదే మాట అన్న. అనుకుంటనే చీర రంగు చెప్పిన. నాకు తెల్వదా బిడ్డా నీ సిగ్గు!

ఇగ అసలు ముచ్చట. జగిత్యాలల జలపతి సేటు అని బట్టల దుకాణమాయన ఉన్నడు. మీ మామకు దూరపు సుట్టం. కొడుకు పెండ్లికి ఉన్నడు. "మా తమ్ముని బిడ్డ కంప్యూటర్ల చూసి వంటలు నేర్చుకుంటది" అన్న. గంతే, పిలగాని తల్లి ఒరిగినామె లేచి కూసున్నది. వాళ్ళింట్ల పూటకు పద్దెనిమిది మంది తింటరట.

ఆ కేకు కాయితం నాకు పంపు. నేను చేసి, మా కోడలు నేర్పింది అని ఆమెకు పెడుత.

ఇట్లు,
నీ మేలు కోరే అత్తమ్మ

తా.క.: సంసారం మీద మనసు లేనోల్లు కుక్కర్ బొమ్మ ఎందుకు నొక్కుతరు? ఇంకేదన్న నొక్కచ్చు గదా.

సిరిసిల్ల,
23 సెప్టెంబర్

అత్తమ్మకు దండాలు.

నువ్వు చదివింది నా ఉత్తరమేనా, లేక పోస్టాయన ఇంకెవలదో ఇచ్చిండా?

కేకు సంగతి చెప్త, ఇను. కుక్కర్ అడుగున ఇసుక పోసి వేడి చెయ్యాల్నట. బాపు సైకిల్ మీద పోయి మానేరు వాగు కెళ్ళి ఇసుక తెచ్చిండు. తడి ఇసుక. ఆరేదాక ఆగుదామంటే ఆయన ఆగడు. మూతకు విజిల్ తీసెయ్యాలని రెండో పేజీల ఉన్నదట. మొదటి పేజీ ప్రింటు రాంగనే కరెంటు పోయింది, నాకేం తెలుసు? కుక్కర్ కూతల మీద కూతలు కూసింది. పక్కింటి శంకరవ్వ పప్పు అయిందనుకొని గిన్నె వట్టుకొని వచ్చింది.

మూత తీస్తె కేకు పైన రాయి, లోపట గంజి, నడుమల మానేరు. బాపు మాత్రం తిన్నడు. పండ్ల కింద ఇసుక కరకరమంటుంటే "రవ్వ ఏసినవా బిడ్డా? మంచిగున్నది" అన్నడు. గిసొంటి మనిషితోని నేను ఎట్ల కొట్లాడాలె?

గిది గూడ ఇను. మా టెంటు నడిపేది రవీందర్ అన్న. మైకు నాకు ఎప్పుడిస్తవు అని అడిగిన. "లిస్టు నిండింది చెల్లె. వచ్చే నెల రెండు తారీకు ఐతారం వంటా వార్పు ఉన్నది. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుడు, ఆడనే అందరం తినుడు. నువ్వు వంటలు దించుకుంటవట గదా, వంట నీ జిమ్మ" అన్నడు. బాపు కార్ఖాన మొత్తం చెప్పిండు మరి! ఇంట్ల ఒక తీరు ఉంటే ఉద్యమంల ఇంకో తీరు ఉంటదనుకున్న. రెండు కాడ నా చేతుల గంటెనే పెట్టిన్రు.

కాయితం పంపుతున్న. చెయ్యమని కాదు, నా గోస చూడమని. సంబంధం మాట బంద్ చెయ్యి.

ఇట్లు,
ఇసుకల కూరుకపోయిన
స్వర్ణలత

తా.క.: నెట్‌ల ఏ వంట చూసినా నలుగురికే ఉన్నది. రోడ్డు మీదికి మూడు వందల మంది వస్తరు. ఫికర్ లేదు, లెక్కల్ల నేను ఫస్టు. డెబ్బై ఐదుతోని గుణిస్తె అయిపాయె.

కోరుట్ల,
27 సెప్టెంబర్

చిరంజీవి స్వర్ణలతకు దీవెనలు.

వద్దు వద్దనుకుంటనే కాయితం పంపినవు. నా మేనకోడలివి అనిపించుకున్నవు.

చేసిన బిడ్డా. నూట ఎనభై డిగ్రీలు అని రాసి ఉన్నది. మా ఇంట్ల జరం చూసే గొట్టం మీద గన్ని అంకెలు లేవు. అయినా కుక్కర్ మూత మీద పెట్టిన. టప్పున పలిగింది. గంత వేడైతె ఉడికినట్టే అని దించిన. కప్పు చక్కెర అని ఉన్నది, ఏ కప్పో రాయలే. మీ మామ చాయ తాగే కప్పుతోని పోసిన. నీకు తెలుసు గదా, అది కప్పు కాదు, చెంబు. మొత్తం జారుజారు అయింది. పిలగాని తల్లి చెంచతోని తాగి "పాయసం మస్తున్నది" అన్నది. కేకు అని నేను చెప్పలే.

వాళ్ళు ఐతారం లంగల బట్ట కోసం ట్రాలీ ఆటో ఏసుకొని సిరిసిల్లకు వస్తున్నరు. గా రోజే రోడ్డు మీద నీ వంట ఉన్నది గదా! అందరితోని కూసొని తింటరు, నిన్ను చూస్తరు. పెండ్లిచూపులు అయిపోతయి. తమ్మునికి ఫోన్ చేసి చెప్పిన, సంబురపడ్డడు.

ఇట్లు,
అత్తమ్మ

తా.క.: పిలగాని తల్లికి బీపీ ఉన్నది. ఉప్పు చూసి ఎయ్యి.

సిరిసిల్ల,
3 అక్టోబర్

అత్తమ్మకు,

ఉప్పు చూసే ఏసిన. కాయితం చూసి.

వెజిటబుల్ పులావ్, నలుగురికి. ఉప్పు రెండు చెంచలు, బిర్యానీ ఆకులు రెండు. గుణించిన, నూట యాభై వచ్చింది. లెక్కల తప్పు లేదు. రోడ్డు మీద చెంచ దొరకలే, గంటెతోని కొలిచిన. ఉప్పు ప్యాకెట్లు చింపి ఇచ్చుకుంట మా దోస్తు నీల "ఇంకెన్ని ఉన్నయే?" అని అడుగుతనే ఉన్నది. నేను మైకుల రవీందర్ అన్న చెప్పే తప్పుల లెక్కలు ఇనుకుంట, లోపల లోపల దిద్దుకుంట పోస్తున్న.

మొదటి వరుస తిన్నది. విస్తరి కింద ఆకులు, విస్తరి మీద ఆకులు. ఒక ముసలాయన "వండింది అన్నమా, అడివా?" అన్నడు. రెండో ముద్దకు అందరు నీళ్ళ డ్రమ్ము దిక్కు చేతులు చాపిన్రు. రవీందర్ అన్న మైకుల ఒర్లిండు: "గీ వంట చేసినోల్లు మైకు కాడికి రావాలె!"

పోయిన.

"నేనే చేసిన. నాకు వంట రాదు. రాదని ఎన్నడో చెప్పిన, ఎవలు ఇనలే. నాకు వచ్చింది చెప్త, ఇనున్రి" అన్న. 610 జీవో, మన కొలువులు ఎవలు తీసుకపోయిన్రు, మానేరు ఇంత దగ్గర ఉండంగ మన నీళ్ళు ఎటు పోతున్నయి, సాంచలు ఎందుకు ఆగుతున్నయి, అన్ని చెప్పిన. అందరి నోట్ల నీళ్ళు ఉన్నయి గనుక ఎవలు అడ్డం మాట్లాడలే. అయినంక చప్పట్లు ఆగలే అత్తమ్మా.

బాపు డ్రమ్ము పక్కన నిలవడి ఇన్నడు. ఇంటికచ్చినంక సైకిల్ గోడకు ఆనిచ్చి "కేసులైతె నేనే తిరుగుత తియ్యి" అన్నడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

జగిత్యాల వాళ్ళు రెండు మెతుకులు నోట్ల పెట్టి ట్రాలీ ఎక్కిన్రు. సంబంధం పీడ పోయింది.

ఇట్లు,
స్వర్ణలత

తా.క.: ఆమె బీపీ ఎట్లున్నదో కనుక్కో. నిజంగనే అడుగుతున్న.

కోరుట్ల,
8 అక్టోబర్

చిరంజీవి సౌభాగ్యవతి కాబోయే స్వర్ణలతకు దీవెనలు.

ఒప్పుకున్నరు బిడ్డా! ట్రాలీల కూసొని నీ మాటలన్ని ఇన్నరట. పిలగాని తల్లి ఏమన్నదో తెలుసా? "వంటదేమున్నదమ్మా, వంటామెను పెట్టుకుంటం. గా గొంతు ఎక్కడ దొరుకుతది? అర్ధగంట దమ్ము తియ్యకుంట మాట్లాడింది. దీపావళికి దుకాణం ముందట కూసుండవెట్టి చీరెల ధరలు చెప్పిస్తె, ఎదురు దుకాణపోడు షట్టర్ దించుకొని పోవాలె" అన్నది. వచ్చే శుక్రవారం, పద్నాలుగు తారీకు, నిశ్చితార్థం అనుకున్నం. పట్టుచీర నేను తెస్తున్న, రంగు నువ్వు చెప్పు.

ఇట్లు,
సంతోషంతోని
అత్తమ్మ

తా.క.: మైకు మైకు అని ఏడ్చినవు గదా. ఇగో, సొంత మైకు.

జగిత్యాల,
11 అక్టోబర్

అత్తమ్మకు,

పైన ఊరి పేరు చూసినవా? నేను ఇప్పుడు జగిత్యాలలనే ఉన్న. మాట్లాడే ఆడిపిల్లలు కావాలని అన్ని ఊర్ల టెంట్లకెళ్ళి అడుగుతున్నరు. బాపు నన్ను, నీలను బట్టల లారీల ఎక్కిచ్చి తోలిండు. పొద్దున ఈడి టెంటుల మాట్లాడిన. పగటీలి జలపతి సేటు దుకాణానికి పోయిన.

పిలగాని తల్లి కుర్సీ ఏపిచ్చింది. "అత్తమ్మ మీకు మాట ఇచ్చిందట. నన్ను అడగకుంట ఇచ్చింది. నేను మీ కొడుకును చేసుకోను" అన్న. ఆమె "మంచి కంపెనీ మైకు కొంటం బిడ్డా, చప్పుడు ఖంగుమంటది" అన్నది. కొడుకు చీరెలు మడత పెట్టుకుంట "అమ్మా, ఆమె ఏం చెప్తున్నదో అది ఇను జర" అన్నడు. గిన్ని దినాలల నా మాట చెప్పినట్టు ఇన్నది గా పిలగాడొక్కడే. మంచోడు. అయినా చేసుకోను.

చాయ తాగి వచ్చిన.

శుక్రవారం నిశ్చితార్థానికి నేను రాను. గా రోజు రాయికల్‌ల మాట్లాడుతున్న, తెల్లారి రుద్రంగిల. సమ్మె అయినంక లా చదువుత. పెండ్లి ఎప్పుడు, ఎవలతోని అనేది నేను చెప్త.

ఇట్లు,
స్వర్ణలత

తా.క.: చీర తేకు.