చివరి లారీ కాంక్రీటు

రెండో తేదీ

నాన్నా,

ఇరవయ్యో తేదీన మా మెట్రో మూడో స్టేషన్ ప్లాట్‌ఫాం స్లాబును కిందనుంచి మోస్తున్న జాకీలు విప్పడానికి నీ సెంట్రింగ్ గ్యాంగునే పిలిచారని ఇవాళే తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పలేను. కాంక్రీటు పరీక్షించే మా గదికి రేకు గోడలు, గుసగుస కూడా అవతలికి వినిపిస్తుంది. చెల్లీ చిట్టీ, నాన్నకు మెల్లగా చదివి వినిపించు. తిడతాడని ఏదీ మింగెయ్యకు.

ఆ స్లాబు పోసిన రోజు చివరి లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. కాంక్రీటు బిగుసుకుపోయి జారడం లేదు. సూపర్‌వైజర్ పైపు తెచ్చి నీళ్ళు పట్టించాడు. నీళ్ళు కలిస్తే బలం పోతుందని నేను అడ్డుపడితే, "ఏమ్మా చదువులమ్మా, దాహమేస్తే నువ్వు తాగవా? దానికీ దాహమేసింది" అన్నాడు. అందరూ నవ్వారు. సిగ్గుపడి నేనూ నవ్వాను నాన్నా. బలం చూసే పరీక్ష దిమ్మెలు అప్పటికే మొదటి లారీల కాంక్రీటుతో పోసేశాం. ఇరవై ఎనిమిదో రోజున మిషన్‌లో పెట్టి నొక్కితే అవి బ్రహ్మాండంగా నిలిచాయి. రిపోర్టు మీద సంతకం నాదే. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. కానీ చివరి లారీ పోసిన తూర్పు మూల గురించి అందులో ఒక్క అంకె కూడా లేదు. రాస్తే ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

గేటు దగ్గర బోర్డు మీద 'ఎనభై రెండు శాతం పూర్తి' అని రాశారు. ఆ మూలను కూడా కలుపుకునే ఆ లెక్క. భోజనానికి రోజూ ఆ మూల కిందనుంచే వెళ్ళాలి. తల ఎత్తలేను. నిన్న పైన ఎవరో ఇనుప చువ్వ పడేస్తే టిఫిన్ డబ్బా వదిలేసి పరిగెత్తాను.

మొదటి జాకీ ఎప్పుడూ నువ్వే విప్పుతావు. జ్వరమనో నడుం పట్టేసిందనో చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను, రావద్దు.

నీ పెద్దది


తొమ్మిదో తేదీ

నాన్నా,

చిట్టి రాసిన జవాబు మూడు రోజుల కిందట అందింది. తిడతావనుకున్నాను. "మేం రాకపోతే ఇంకో గ్యాంగు దిగుద్ది. వద్దని ఉత్తరం రాయడానికి వాళ్ళకి కూతురెక్కడుంది?" అన్నావట. ఆ మాట మళ్ళీ మళ్ళీ చదివాను. నిన్ను తప్పిస్తే చాలనుకున్నాను. నీ చోట నిలబడేవాళ్ళు నాకు గుర్తే రాలేదు.

మర్నాడే జరిగినదంతా కాగితం మీద పెట్టి పెద్ద ఇంజనీరు చేతికే ఇచ్చాను. నా తప్పు కూడా దాచలేదు. ఆయన రెండుసార్లు చదివి, జాకీలు ఎవరూ ముట్టుకోవద్దని ఆర్డరు వేశాడు. తూర్పు మూలనుంచి డ్రిల్లుతో ముక్కలు తీసి పరీక్షిస్తారట. సూపర్‌వైజర్ మాత్రం నీళ్ళే పట్టలేదంటున్నాడు. ఆ రోజు నవ్వినవాళ్ళెవరికీ ఇప్పుడు ఏమీ గుర్తులేదు.

పద్దెనిమిదిన ఆఫీసులో విచారణ. "కాగితం వెనక్కి తీసుకో, ఉద్యోగమైనా మిగులుద్ది" అని మేనేజరు చెవిన వేశాడు. తీసుకోను. నా జీతం ఆగితే చిట్టి చదువు ఏమవుతుందో తెలియదు, అయినా తీసుకోను. కానీ వాళ్ళందరి ఎదుటికీ ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది.

రావద్దన్న నేనే అడుగుతున్నాను. పనికి కాదు, నా పక్కన కూర్చోవడానికి రా. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు. వస్తావో లేదో పదహారో తేదీలోగా నాకు అందేలా చిట్టి చేత రాయించు.

నీ పెద్దది