నీలం సైకిలు బెల్లు

శుక్రవారం, రాత్రి

స్టేషన్ వెనక ఎవురూ అడగని సైకిళ్లను ఈరోజు ఎస్సై సారు బడిపిల్లోళ్లకు పంచినాడు. నీలం సైకిలు మా ఎదురింటి ఓబులేసు బిడ్డకు పోయింది. నా మాదిరి హోంగార్డుల పిల్లోళ్లకు ఇస్తే జనం నానా మాటలు అంటారంట. రెండు ఎండాకాలాలు ఈ కళ్యాణదుర్గం ఎండకు టైర్లు పగలకుండా దానికి గోనెసంచి కప్పింది ఎవురు? నేను! "కొత్తదాని మాదిరి ఉండాదన్నా" అని ఓబులేసు నాకే చూపిచ్చినాడు. కడుపు మండిపోయింది.

నా బిడ్డ గీతకే వస్తాదని దానికి నేనే బెల్లు కొని బిగించింటి. పేర్లు చదవతానే పోయి, ఎవురికీ కనపడకుండా దాన్ని ఊడదీసి జోబీలో ఏసుకుంటి. నాది నేను తెచ్చుకుంటే తప్పేముంది?

ఇంటికి రాంగానే గీత నా జోబీ తడిమింది. బెల్లు ఒకసారి మోగిచ్చి, "సైకిలు యాడ నిలబెట్నావు నాయనా?" అంటా వాకిట్లోకి ఉరికింది.