నీళ్లలోవాళ్లకి అరబీ రాదు

10 మార్చి 1965
వదిన బిడ్డకి ఇవాళ ఏడో రోజు. వదిన పేరు ఇక్బాల్, ఫిక్రీ అన్న కైరో నుంచి తెచ్చుకున్నాడు. వాళ్ల నాన్న మా నూబియావాడే, అక్కడ ఏదో పెద్దింట్లో వంటవాడు. వదినకి మాత్రం మా భాష ముక్క రాదు.

డ్యాం కట్టి, మా ఊరు ముంచి, మమ్మల్ని ఇక్కడ పడేశాక నైలు ఎక్కడో ఉండిపోయింది. అందుకని కాలవకే వెళ్లాం. గంజి, ఖర్జూరాలు నీళ్లలో వదిలి, బిడ్డని కాపాడమని నీళ్ల అడుగున కాపురముండే నీళ్లలోవాళ్లని తల్లే అడగాలి. అమ్మ మాటలు అందించింది. వదినకి నోరు తిరగలేదు. ఆడవాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆవిడకి రోషం వచ్చి అరబీలో గబగబా అడిగేసింది. అమ్మ ముఖం మాడిపోయింది. వాళ్లకి అరబీ రాదే, ఎవరికి మొర పెట్టుకున్నావే అంది.

అమ్మ కూడా ఇరవై దాటితే అరబీలోనే లెక్కపెడుతుంది. తిట్లు సగం అరబీవే. ఆదివారానికి మేమనే మాట ఎప్పుడో మావాళ్లు క్రైస్తవులుగా ఉన్న చర్చిల కాలంలో గ్రీకువాళ్ల దగ్గర ఎత్తుకొచ్చిందని మా టీచర్ అన్నాడు. అమ్మకి చెబితే చెప్పు అందుకుంది.

2 జూన్
బిడ్డ పోయాడు. విరేచనాలు. నీళ్లు మంచివి కావని డాక్టర్ అన్నాడు. ఈ వీధిలో వీడొక్కడే కాదు.

3 జూన్
పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ అమ్మ ఒకటే పాట. తల్లి అరబీలో అడిగిందమ్మా, వాళ్లు వినలేదు. వదిన పక్కనే కూర్చుని ఉంది, ఏమంటున్నారో తెలీదు. నన్ను అడిగింది. మాట మాటకీ అర్థం చెప్పాను. ముఖం ఎలా మారుతుందో చూద్దామనిపించింది. చూశాను.

20 జులై
వదినతో ఎవరూ అరబీ మాట్లాడకూడదని అమ్మ ఆర్డర్. ఉప్పు కావాలన్నా మా భాషలోనే అడగాలి. అన్న కైరో నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చాడు. మళ్లీ బిడ్డ పోతే దీన్ని వదిలేసి ఇంకో పెళ్లి చేసుకోమంది అమ్మ. సరేనన్నాడు వెధవ.

21 జులై
వదిన చప్పిడి కూడే తింది.

14 నవంబర్
వదిన మళ్లీ కడుపుతో ఉంది, మూడు నెలలు దాటాయి. భాష నేర్పమని నన్ను పట్టుకుంది. ఏ మాటలు కావాలని అడిగితే, అత్త మాట్లాడేదంతా కావాలంది. రొట్టెలు కాలుస్తూ నేర్పుతున్నాను. సరదాకి రెండుసార్లు తప్పు చెప్పాను. పట్టేసింది.

9 ఏప్రిల్ 1966
పక్కింటి ముసలావిడ వదిన మాట విని, మా పాత ఊరి పిల్లే అనుకుంది. దారికి తెచ్చింది తనేనని అమ్మ వీధంతా చెప్పుకుంటోంది.

18 మే
మగపిల్లాడే. ఇవాళ ఏడో రోజు. కాలవకి వీధంతా వచ్చింది. అమ్మ మాటలు అందించబోతే, అక్కర్లేదత్తా అంది వదిన. మోకాలి లోతు దిగింది. తీరిగ్గా, గట్టిగా, ఒక్క తప్పు లేకుండా అడిగింది. నా బిడ్డని నాకు ఉంచండి. మా ఇంట్లో ఎవరో ఒకరు కావలసిందే అంటే, అదిగో గట్టు మీద మా అత్త నబ్రా, ఆవిణ్ణి తీసుకుపోండి. పోయినసారి మీకు అర్థం కాలేదట, అందుకని మీ భాషలో చెబుతున్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వాళ్లు విని ఉంటారా అని అమ్మ ఒక్కొక్కరినీ అడిగింది. ఎవరూ లేదనలేదు.

20 మే
అమ్మ పొద్దుటి నుంచి అరబీ తప్ప మాట్లాడటం లేదు. కుండలో నీళ్లు ముంచేటప్పుడు అసలు నోరే తెరవదు. మనవణ్ణి కూడా అరబీలోనే జోకొడుతోంది.